ఒకే చీటీ, రెండు గదులు

కార్విన్ లేక్,
మే 22, బుధవారం మధ్యాహ్నం.

తల్లీ హాల్యా,

మే 14, మంగళవారం ఉదయం 8.50కి వాసిల్ టోమ్యుక్ తన గేటు పక్క బెంచీ మీద స్పృహ లేకుండా దొరికాడు. బతికే ఉన్నాడు. ఎడ్మంటన్‌లో ఐదు రోజులు ఇంటెన్సివ్ కేర్‌లో ఉంచి, ఆదివారం వార్డుకి మార్చారు. మనుషుల్ని గుర్తుపడుతున్నాడు. ఇంకా లేచి నిలబడలేడు.

ఇది రాయకుండా ఇక్కడ క్షేమమని, అక్కడ నీ క్షేమం కోరుతున్నానని మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నాకు ఒంట్లో బాగానే ఉంది. కుక్క బాగుంది. నువ్వు బాగున్నావని రోజూ ఉదయం 8.05కి తెలుస్తూనే ఉంది. ఎలా తెలుస్తోందో కింద చెప్తాను.

నీ ఉత్తరం మే 11న అందింది. హెలికాప్టర్ నీకు సరుకులు దించి వచ్చాక ఉత్తరాల సంచి రెండు రోజులు ఫారెస్ట్ ఆఫీసులోనే పడి ఉందట. అందులో నువ్వు ఐదు ప్రశ్నలు అడిగావు. వరసగా జవాబు రాస్తాను. ఐదోదానికి రావడానికి కొంచెం సమయం పడుతుంది, ఓపిక పట్టు.

మొదటిది, తింటున్నానా అని. తింటున్నాను. చర్చి ఆడవాళ్ళు ఏప్రిల్‌లో బంగాళదుంప కూరి, చేసి అమ్మిన పెరోగీలు ఫ్రీజర్‌లో ఇంకా ఆరు పొట్లాలు ఉన్నాయి. రోజు విడిచి రోజు ఉడకబెట్టి, ఉల్లిపాయ వేయించి పైన వేసుకుంటున్నాను. మీగడ అయిపోయి వారమైంది. కోఆప్ దుకాణానికి వెళ్తే దొరుకుతుంది. వెళ్ళడం లేదు.

రెండోది, సరస్సు మీద మంచు. మే 6న విరిగింది. మధ్యాహ్నానికి మొత్తం తూర్పు ఒడ్డుకి కొట్టుకుపోయింది. మూడోది, నీ ట్రక్కు. బ్యాటరీ తీసి లోపల పెట్టాను, వెనక టైరు ఒకటి మెత్తబడితే గాలి కొట్టాను. సెప్టెంబర్‌లో నువ్వు దిగేసరికి సిద్ధంగా ఉంటుంది.

నాలుగోది, నాకు ఒంటరిగా ఉందా అని. చుట్టూ వంద కిలోమీటర్లు మనిషి లేని అడవిలో, టవర్ మీద కూర్చుని పొగ కోసం చూస్తున్నది నువ్వు. అడుగుతున్నది నన్ను. ఉంది. అబద్ధం ఎందుకు. పత్రికలో ఉన్న రోజుల్లో ఫైరింజన్ల మాటలు వినడానికి వాడిన రేడియో స్కానర్ గరాజ్‌లో ఉండేది కదా, దాన్ని బాగుచేయించాను. మీ టవర్లవాళ్ళు ఉదయం వాతావరణం చెప్పే వేళకి దాన్ని వంటింటి బల్ల మీద పెట్టుకుంటున్నాను. 8.05కి నీ వంతు వస్తుంది. గాలి ఎటునుంచి, ఎంత వేగం, తేమ ఎంత, పొగ ఏమీ లేదు, అంతే. పద్దెనిమిది ఇరవై సెకన్లు. నువ్వు చెప్పింది వినగలను, నేను చెప్పేది నీకు వినపడదు. అయినా "సరే తల్లీ" అంటున్నాను. కుక్క తలెత్తి చూస్తుంది.

ఆఫీసువాళ్ళని బతిమాలితే రేడియోలో నీతో ఒక నిమిషం మాట్లాడనిచ్చేవాళ్ళే. కానీ ఆ రేడియోలో ఒకరు మాట్లాడితే ముప్ఫై టవర్లు వింటాయి. నేను చెప్పాల్సింది ముప్ఫై మంది వినేది కాదు. అందుకే ఉత్తరం.

మరుగుదొడ్డి దారిలో ఎలుగుబంటి తిరుగుతోందని రాశావు. ఒక్కసారి కనిపిస్తే రాసేదానివి కాదు, కనీసం మూడుసార్లు వచ్చి ఉంటుందని నా అనుమానం. చెత్త లోపలే పెట్టుకో. స్ప్రే డబ్బా బొడ్లో ఉండాలి, గోడకి కాదు.

ఇక వాసిల్ సంగతి.

వాసిల్‌కి మంగళ, గురు, శనివారాలు డయాలిసిస్. డెబ్భై కిలోమీటర్ల దూరం. కళ్ళు మసకబారాక అతను బండి ముట్టుకోలేదు. మన వాలంటీర్ల బండ్లలోనే వెళ్ళి వస్తున్నాడు. సోమవారం, మే 13, ఉదయం 10.12కి గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుని మర్నాటికి బండి బుక్ చేశాడు. బుక్ అయిందని వచ్చిన పేజీని ఎప్పటిలాగే కాగితం మీద ప్రింటు తీసుకున్నాడు. మంగళవారం 6.40, డ్రైవర్ బెర్నీస్ కార్డినాల్ అని దాని మీద ఉంది.

ఆ ఉదయం రెండు డిగ్రీలు. అతను ఆరున్నరకే కోటు వేసుకుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. బెర్నీస్ రాలేదు. 8.50కి రోడ్డు చదును చేసే యంత్రం నడిపే కర్టిస్ అటుగా వెళ్తూ, ఒకపక్కకి ఒరిగిపోయి ఉన్న మనిషిని చూసి ఆపాడు. శనివారం తర్వాత రక్తం శుభ్రపడలేదు, మూడు రోజుల నీరు ఊపిరితిత్తుల్లో చేరింది, పైగా చలి. అంబులెన్సు వచ్చేసరికి 9.25.

రెండు గంటల ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. ఇంట్లోకి ముప్ఫై అడుగులు. ఇంట్లో ఫోన్ ఉంది. చెయ్యలేదు. ఆదివారం నేను ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అడిగాను.

"బాబాయ్, ఒక్క ఫోన్ చెయ్యొచ్చుగా?"

"ఎవరికిరా చేసేది? బండి నడిపే మనిషికా? అది ఫోనెత్తబోయి గుంటలో పడితే?"

"పోనీ నాకు చెయ్యొచ్చుగా."

"నీకు చేస్తే నువ్వు దానికి చేస్తావు. ఏ దుప్పో దారికి అడ్డం పడి ఉంటుంది అనుకున్నా. అయినా రాలేకపోయిన మనిషిని ఎందుకు రాలేదని అడిగితే ఏం బాగుంటుందిరా ఒరెస్ట్." ఊపిరి తీసుకుని అన్నాడు. "దాన్ని ఎవరూ ఏమీ అనొద్దని చెప్పు."

అప్పటికే అనేశారు.

మే 15, బుధవారం సాయంత్రం ఐదింటికి హాల్లో బండ్ల కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు వివియన్ ప్రోకోప్, ఇంకో ఇద్దరు సభ్యులు, బెర్నీస్, నేను. వివియన్ చేతిలో వాసిల్ కాగితం ఉంది. వాసిల్ కోటు జేబులోంచి కర్టిస్ తీసిచ్చాడట.

"చూడు బెర్నీస్. ఆరు నలభై. నీ పేరు ఉంది."

"కాగితం మీద ఉంది. నేను చూసిన లిస్టులో లేదు."

"మరి కాగితం అబద్ధం చెప్తుందా?"

"కాగితం సంగతి నాకేం తెలుసు వివియన్. నేను బండి నడుపుతాను, ప్రింటర్ నడపను."

సభ్యుల్లో ఒకాయన నవ్వినట్టుగా అన్నాడు. "లేవలేకపోయానని చెప్పెయ్యమ్మా. సోమవారం ఇంటికి ఎవరైనా వచ్చారేమో, పొద్దుపోయిందేమో. ఎవరూ కొట్టరులే."

బెర్నీస్ ఆయన వైపు చూసింది. "పదకొండేళ్ళు ఐదింటికి లేచాను. మీ అమ్మగారిని కంటి ఆసుపత్రికి తిప్పింది ఎవరనుకున్నారు? పొద్దుపోయి లేచే మనిషేనా?"

ఆ కుర్చీలో కూర్చున్నది సరస్సు అవతలి ఆదివాసీ మెటీస్ కార్డినాల్ ఇంటి మనిషి కాకుండా వివియన్ వదినగారో, నేనో అయి ఉంటే ఆయన ఆ మాట అనేవాడు కాదు. గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా.

నువ్వు వెళ్ళాక ఊరి పేజీలన్నీ నడిపే నీ మిషన్‌ని చూసుకునేది నేనే కాబట్టి వివియన్ నా వైపు తిరిగింది. "ఒరెస్ట్ గారూ, మిషన్‌లో ఏమైనా తేడా ఉందా? అది తేల్చి చెప్పగలిగింది మీరొక్కరే."

నేను ల్యాప్‌టాప్ తెరిచి, పేజీలు నడుస్తున్నాయో లేదో చూపే చుక్కలు చూశాను. అన్నీ పచ్చగా ఉన్నాయి. "మిషన్ బాగానే ఉంది" అన్నాను.

ముగ్గురూ చేతులెత్తారు. విచారణ పూర్తయ్యేవరకు బెర్నీస్ బండి నడపకూడదు. ఇక ఎప్పటికీ నడపకూడదా లేదా అన్నది రేపు, గురువారం, ఊరి సమావేశంలో ఓటుకి పెడతారు. రేపు ఓడిపోతే బండి ఒక్కటే పోదు. ముసలాయనని చలిలో వదిలేసిన మనిషిగా ఆమె ఈ ఊళ్ళో మిగిలిపోతుంది. ఇప్పుడే కోఆప్‌లో ఆమె నిలబడ్డ వరసలో ఎవరూ నిలబడటం లేదు. శనివారం నా కళ్ళతో చూశాను. పక్క వరసలో నలుగురు ఉన్నారు, ఆమె వెనక ఎవరూ లేరు. నేను మీగడ కొనకుండా బయటికి వచ్చేశాను.

నీకు తెలుసు, బుధవారాలు రెండింటికి నేనూ బెర్నీస్ క్రిబ్ పేకాట ఆడతాం. ఈరోజు రెండింటికి హాల్లో ఒక్కణ్ణే కూర్చున్నాను. పావు తక్కువ మూడుకి వచ్చేశాను. వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇప్పుడు నీ ఐదో ప్రశ్న. "గ్రంథాలయం వెనక గదిలో మిషన్ ఎలా ఉంది నాన్నా? నువ్వు దేన్నీ ముట్టుకోలేదు కదా?"

ముట్టుకున్నాను.

నువ్వు ఏప్రిల్ 26న టవర్‌కి వెళ్ళిపోయాక, రోజూ ఉదయం పదింటికి ఆ గదికి వెళ్తున్నాను. పని ఉండి కాదు. నువ్వు చూపించిన ఆ వరసలు చదవడానికి. ఎవరు ఎప్పుడు ఏ పేజీ తెరిచారో ఒక్కో వరసలో రాసుకుంటూ పోతుందే, అవి. ఎవరి పేరూ ఉండదు గానీ నాకు తెలిసిపోతుంది. 7.15కి నీళ్ళ ట్యాంకర్ పేజీ తెరిచేది పాత పాల కేంద్రం పక్కింటివాళ్ళు. ఐస్ రింకు వేళలు వేసవిలో కూడా చూసేది కర్టిస్. ముప్ఫై ఒక్క ఏళ్ళు జనం ఏం చేస్తున్నారో చూసి రాసినవాణ్ణి. పత్రిక మూతపడ్డాక జనం అటునుంచి అటు వెళ్ళిపోయారు, ఆ వరసలు మిగిలాయి. అదీ ఒంటరితనం సంగతి.

మే 2న వాసిల్ నన్ను గ్రంథాలయంలో ఆపాడు. "ఒరేయ్, ఆ బండి పేజీలో అక్షరాలు చీమల్లా ఉన్నాయిరా. కాస్త పెద్దవి చెయ్యలేవా?" అన్నాడు. ఏడాదిగా నన్ను ఎవరూ ఏ పనీ అడగలేదు. చేస్తానన్నాను. మర్నాడు, మే 3, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కూర్చున్నాను. ఊరివాళ్ళు వాడుతున్నదాని మీద ప్రయోగం చేయకూడదని నువ్వు చెప్పావు. అందుకని మిషన్‌లో బండ్ల పేజీ నడిచే కంటైనర్‌కి ఒక కాపీ తీసి, దానికి సాధన అని పేరు పెట్టి, దాంట్లో అక్షరాలు పెద్దవి చేశాను. బాగా వచ్చాయి. కాపీని అలాగే నడవనిచ్చి ఇంటికి వెళ్ళాను.

ఆ తర్వాత ఏమైందో నాకు అర్థమైనట్టు రాస్తాను, తప్పుంటే దిద్దు. మా పత్రికాఫీసులో ముందు గదిలో ఒకావిడ కూర్చునేది. ఏ పని మీద ఎవరు వచ్చినా ఒకటే తలుపు. ప్రకటనకైతే ఆ గదికి, వార్తకైతే ఈ గదికి ఆవిడ పంపేది. లోపల ఎన్ని గదులున్నాయో వచ్చినవాళ్ళకి తెలియదు. నువ్వు పెట్టిన రివర్స్ ప్రాక్సీ ఆవిడ లాంటిది. మన ఐదు కంటైనర్లు లోపలి గదులు. ఒక్కో గదికి ఒక చీటీ, ఏ పేరు అడిగినవాళ్ళని తన దగ్గరికి పంపాలో దాని మీద ఉంటుంది. ప్రాక్సీకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, కొత్త గది తెరుచుకోగానే చీటీ తనే చదువుకుంటుంది.

నేను కాపీకి బయటి పేరు మార్చాను. లోపలి చీటీ మార్చలేదు. అదే పేరు అనుకున్నాను. ప్రాక్సీ బయటి పేరు చూడదు, చీటీనే చూస్తుంది. ఒకే చీటీతో రెండు గదులు కనబడేసరికి, ఒకే పని చేసేవి రెండు ఉన్నాయి కాబోలనుకుని, వచ్చినవాళ్ళని ఒకరిని ఇటు, ఒకరిని అటు పంపడం మొదలుపెట్టింది. అలా చెయ్యాలనే దానికి నేర్పారు. దాని తప్పేం లేదు. రెండు గదులూ నడుస్తున్నాయి కాబట్టే నేను చూసినప్పుడు అన్నీ పచ్చగా ఉన్నాయి. కాపీ తీస్తే ముందు చీటీ మార్చు అని నువ్వు మిషన్ మీద అట్ట అంటించి వెళ్ళావు. మూడో వాక్యం. దాని కిందే కూర్చుని చేశాను.

మే 3 నుంచి 16 వరకు నలభై ఏడు బుకింగులు వచ్చాయి. ఇరవై రెండు సాధన గదిలోకి వెళ్ళాయి. వాళ్ళందరికీ బుక్ అయిందనే చూపించింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. బండి రాకపోతే కొందరు పక్కింటివాళ్ళని అడిగారు, కొందరు మళ్ళీ బుక్ చేశారు, నలుగురు ఇంట్లో ఉండిపోయారు. తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "డ్రైవర్‌కి ఏదో పని పడి ఉంటుందిలే" అన్నారు ముగ్గురు, దాదాపు అవే మాటల్లో. మనవాళ్ళ మర్యాద అది. దానివల్ల పదమూడు రోజులు నా తప్పు బయటపడలేదు.

ఒక్క మనిషి చెప్పింది. మే 8, బుధవారం, ఆట మధ్యలో ఫోన్ నా ముందు పెట్టింది బెర్నీస్.

"ఏం పత్రికాయనా, నీ మిషన్‌కి మతిమరుపు వచ్చిందా?"

"ఏమైంది?"

"ఇప్పుడే ఆరుగురిని చూపించింది. మళ్ళీ తెరిస్తే నలుగురు. మళ్ళీ తెరిస్తే ఆరుగురు. ఎవరిని ఎక్కించుకోను నేను?"

నా చేతిలో మంచి ముక్కలు ఉన్నాయి. ఫోన్ సరిగా చూడను కూడా లేదు. "పాత లిస్టు అప్పుడప్పుడు పైకి తేలుతుందిలే. అందులో మొదటి వారం పేర్లు కనబడితే అది పాతది, వదిలెయ్. రెండోదాన్ని నమ్ము" అన్నాను.

"నువ్వు చెప్తే సరే" అంది. ముక్క వేసింది.

మే 13, సోమవారం సాయంత్రం ఆరింటికి ఆమె లిస్టు తెరిచింది. వాసిల్ పేరు ఉంది. పైన మొదటి వారం పేర్లు కూడా ఉన్నాయి. అవి కాపీ తీసిన రోజు నుంచి సాధన గదిలో అలాగే ఉండిపోయినవి, పాత పేర్లు తుడిచే పని అసలు గదిలోనే జరుగుతుంది. మళ్ళీ తెరిచింది. అందులో వాసిల్ లేడు, పాత పేర్లు లేవు. నేను చెప్పినట్టే చేసింది. రెండోదాన్ని నమ్మింది.

బుధవారం కమిటీ ముందు ఆమె ఈ మాట ఒక్కటి అంటే సరిపోయేది. అనలేదు. సమావేశం అయ్యాక ట్రక్కు దగ్గర నన్ను ఆపి, "నువ్వు చెప్పిందే చేశాను కదా ఒరెస్ట్?" అని అడిగింది. నిందించలేదు, అడిగింది. "చూస్తాను" అన్నాను.

చూశాను. గురువారం, మే 16, మధ్యాహ్నం 3.20కి. ఆ వరసల్లో చివర ఏ గదికి పంపిందో ఉంటుంది. ఒకటి, రెండు, ఒకటి, రెండు. పదమూడు రోజులు రోజూ చదివాను, ఆ అంకెలు ఒక్కసారీ చూడలేదు. 3.40కి కాపీని ఆపి తీసేశాను. ఇరవై రెండు పేర్లూ అసలు లిస్టులోకి చేత్తో ఎక్కించాను. పాడైన పని సరిచేయడం వరకూ బాగానే చేశాను.

ఇంతవరకూ రాసింది తప్పు. ఇక రాసేది వేరు.

పత్రిక మూతపడ్డాక నేను నడుపుతున్న మన ఊరి రెండు పేజీల బులెటిన్‌ని ఆ గురువారం మధ్యాహ్నం పన్నెండుకి ప్రింటుకి పంపాను. మొదటి పేజీలో నేను రాసిన వార్త ఉంది. డ్రైవర్ రాలేదు, బుకింగు ఉన్నట్టు కాగితం ఉంది, మిషన్‌లో లోపం లేదని పరిశీలనలో తేలింది, డ్రైవర్‌ని విధుల నుంచి తప్పించారు. పరిశీలించింది నేను. రాసింది నేను. అది జనం చేతికి వెళ్ళేది శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి. నాకు నిజం తెలిసింది గురువారం 3.20కి. మధ్యలో పదహారు గంటల నలభై నిమిషాలు ఉన్నాయి. ప్రింటర్‌కి ఒక ఫోన్ చేస్తే ఆగేది. చేయలేదు. శుక్రవారం నూట తొంభై ఇళ్ళకి అది వెళ్ళింది. బెర్నీస్ ఇంటికి కూడా వెళ్ళింది. ఆ వీధి కట్ట నేనే వేశాను. ఆమె డబ్బాలో కూడా ఒకటి వేశాను.

కారణాలు చెప్పగలను. నిజం చెప్తే మిషన్‌ని తీసేసి ఊరి పని ఏదో కంపెనీకి ఇస్తారని. నువ్వు రెండేళ్ళు కూర్చుని కట్టింది నా వల్ల పోతుందని. ఉదయం పదింటికి వెళ్ళడానికి నాకు ఇక ఏ గదీ ఉండదని. మొదటి రెండూ ఇతరుల కోసం అన్నట్టు కనిపిస్తాయి. మూడోదే అసలు కారణం.

ఆదివారం ఆసుపత్రిలో కూడా చెప్పలేదు. వాసిల్ నా చెయ్యి పట్టుకుని, "ఆ సోమవారం పేజీ పెద్ద పెద్ద అక్షరాలతో వచ్చిందిరా. అద్దాలు లేకుండా చదివాను. నువ్వే చేశావనుకున్నా" అన్నాడు. అవును అన్నాను. ఆ పెద్ద అక్షరాలు సాధన గదిలో మాత్రమే ఉన్నాయి. అతను ప్రింటు తీసిన కాగితం మీదా అవే అక్షరాలు. బుధవారం ఆ కాగితం నాకు నాలుగడుగుల దూరంలో వివియన్ చేతిలో ఉంది. ఎవరి చేతిలో ఏ కాగితం కనబడినా ఇలా ఇవ్వండి అని అడిగే ఉద్యోగం ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాను. ఆ రోజు అడగలేదు. అడిగి ఉంటే ఆ గదిలోనే తేలిపోయేది.

రేడియోలో మే 14 ఉదయం కూడా నిన్ను విన్నాను. గాలి నైరుతి నుంచి పన్నెండు, తేమ నలభై ఒకటి, పొగ లేదు అన్నావు. సరే తల్లీ అన్నాను. ఆ వేళకి వాసిల్ బయట కూర్చుని గంటన్నర దాటింది.

ఈ ఉదయం పదకొండింటికి బెర్నీస్‌కి ఫోన్ చేశాను. ఎత్తదనుకున్నాను. ఎత్తింది.

"బెర్నీస్, నేను."

"తెలుస్తోంది."

అన్నీ చెప్పాను. తారీకులు, సమయాలు, చీటీ, కాపీ, గురువారం 3.20. ప్రింటర్‌కి ఫోన్ చేయని సంగతి కూడా. ఆరు నిమిషాలు పట్టింది. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. వెనక ఏదో కుండలో మరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"అయిందా?"

"అయింది."

"నాకెందుకు చెప్తున్నావు ఇదంతా? నాకు ట్రక్కు దగ్గరే తెలుసు. నీ మొహం చూస్తే తెలియదా?"

"మరి కమిటీకి ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"నేను చెప్తే ఏమంటారు? తప్పించుకోడానికి పాపం ఆ పత్రికాయన మీదికి తోసింది అంటారు. నువ్వు చెప్తే నిజం, నేను చెప్తే సాకు. ఈ ఊరు నీకు ఇవాళే కొత్తా?" పొయ్యి మీది కుండ దించిన చప్పుడు. "వారం రోజులు ఎదురుచూశాను ఒరెస్ట్. రోజుకోసారి ఫోన్ చూసుకున్నాను. వాళ్ళకి చెప్పు. నాకు కాదు."

"రేపు వస్తావా?"

పెట్టేసింది.

వెంటనే వివియన్‌కి ఫోన్ చేసి, రేపు సమావేశంలో మూడో అంశం ఓటుకి వెళ్ళే ముందు నాకు మాట్లాడటానికి సమయం కావాలన్నాను. "దేని గురించండీ?" అంది. "పోయిన వారం బులెటిన్లో నేను రాసింది తప్పు" అన్నాను. "ఐదు నిమిషాలు ఇస్తాను. ఎవరైనా న్యాయవాదితో మాట్లాడుకున్నారా?" అంది. లేదన్నాను. వాసిల్ కూతురు వినిపెగ్ నుంచి వచ్చిందట, ఆమె కూడా సమావేశానికి వస్తోందని చెప్పింది.

ఎలా చెప్పాలో కాగితం మీద పెట్టుకున్నాను. విశేషణాలు తీసేస్తే ఒకటిన్నర పేజీ వచ్చింది. దాన్నే శుక్రవారం బులెటిన్లో మొదటి పేజీలో, పోయిన వారం వార్త వచ్చిన చోటే, అంతే పెద్ద అక్షరాలతో వేస్తాను. ఆ తర్వాత నాకు బులెటిన్ ఉంచుతారో లేదో తెలియదు. గ్రంథాలయం గది తాళంచెవి వివియన్‌కి ఇవ్వడానికి కవరులో పెట్టాను. మిషన్ మాత్రం ఆపొద్దని అడుగుతాను. అది చెయ్యాల్సింది చేసింది.

నీకు కోపం వస్తుంది. రావాలి. నీ తర్వాతి ఉత్తరం జూన్ రెండో వారానికి గానీ రాదు, అందులో ఏం రాసినా చదువుతాను. రాయాలనిపించకపోతే రాయకు, ఉదయం నీ వంతు వినబడుతూనే ఉంటుంది.

ఈ ఉత్తరం రేపు మధ్యాహ్నం పన్నెండులోపు ఫారెస్ట్ ఆఫీసులో సంచిలో వెయ్యాలి. శుక్రవారం ఉదయం పదింటికి హెలికాప్టర్ నీ వైపు బయల్దేరుతుంది. నువ్వు దీన్ని చదివేసరికి అంతా తేలిపోయి ఉంటుంది, ఏం తేలిందో ఇందులో ఉండదు. రేపు సాయంత్రం ఏడింటికి హాల్లో సమావేశం. మొదటి అంశం రోడ్డు, రెండోది నీళ్ళ ట్యాంకర్. మూడోది బెర్నీస్ కార్డినాల్. ఆమె వస్తుందో రాదో చెప్పలేదు.

ఇట్లు,
నిజాన్ని నీకు ఆరు రోజులు ఆలస్యంగా రాసిన
మీ నాన్న
ఒరెస్ట్